పాతిక వేల అడ్వాన్సు, నలభై వేల అప్పు

ప్రశ్న:

అమ్మా, నమస్కారమండి. మాది సఖినేటిపల్లి మండలంలో సముద్రం పక్క ఊరు. మా ఆయన బోటు మీద వేటకెళ్తారు. నేను పదేళ్లుగా ఎండుచేపల వ్యాపారం చేస్తున్నాను. అంతర్వేది పల్లిపాలెంలో పచ్చి చేప కొని, ఎండబెట్టి అమ్ముతాను. నెత్తళ్లు, సావిళ్లు, రొయ్యపొట్టు ఎక్కువ. మంచి నెలల్లో 150 కిలోలు అమ్ముతాను, వానల్లో 60 దాటదు. సరుకంతా ఒకే షావుకారు గారు ఇంటికొచ్చి పట్టుకెళ్తారు. నాలుగేళ్ల కిందట ఆయన 25,000 అడ్వాన్సు ఇచ్చారు. దానికి వడ్డీ లేదు, సంత ధర కంటే కిలోకి 30 రూపాయలు తక్కువ కడతారు. చేప కొనడానికి రోజువారీ ఫైనాన్స్ తీసుకుంటాను. పది వేలని రాసుకుని తొమ్మిది వేలు ఇస్తారు, రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టాలి. ఇంకా 40 రోజులుంది. డ్వాక్రాలో నెలకు 1,500 కడుతున్నాను. మంచి నెలల్లో మా ఇద్దరి సంపాదన 17,000 దాకా ఉంటుంది.

ఈమధ్య ఒక సేవా సంస్థ వాళ్లు మా ఊరొచ్చారు. తమది లాభం కోసం పెట్టిన కంపెనీ కాదని, చిన్న వ్యాపారాలు చేసుకునే ఆడవాళ్లకు ఐదుగురి గ్రూపుగా తలా 40,000 ఇస్తామని చెప్పారు. నూటికి రూపాయి వడ్డీ. ఏడాదిపాటు నెలకు 3,733 కట్టాలి. ఫీజు 800, బీమా 600 పట్టుకుని 38,600 చేతికిస్తారు. డిసెంబరు మొదట్లో ఇస్తారట. ఐస్ బాక్సు, ఎండబెట్టే బల్లలు కొనుక్కోవాలని నాకు ఆశ. మా వదిన కూడా నా గ్రూపులో చేరతానంటోంది. తనకు ఇప్పటికే రెండు చోట్ల అప్పులున్నాయి. మా అత్తగారు 2010లో అప్పుల కంపెనీలు ఆడవాళ్లను పెట్టిన బాధలు గుర్తుచేసి వద్దే వద్దంటున్నారు. ఈ టెన్షన్‌తో రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. తీసుకోమంటారా, వద్దంటారా?

– ఒక సోదరి, సఖినేటిపల్లి మండలం

సమాధానం:

చెల్లెమ్మా,

అంకెలన్నీ దాచకుండా రాశారు. అందుకే నేనూ లెక్క వేసి చెప్పగలుగుతున్నాను. అప్పు తీసుకోవచ్చనే నా అభిప్రాయం. అయితే ఐస్ బాక్సు కోసం మాత్రం వద్దు. ఆ డబ్బు ముందుగా వెళ్లాల్సింది షావుకారు గారి దగ్గరికి. మీకున్న అప్పులన్నిట్లోకీ ఖరీదైనది, వడ్డీ లేదని మీరు రాసిన ఆ పాతిక వేలే.

నేను ముప్పై ఏళ్లు బ్యాంకులో పనిచేశాను. అందులో చాలా కాలం కోనసీమలోనూ, గోదావరి దాటి నరసాపురం వైపూ గడిచింది. వడ్డీ లేని అడ్వాన్సు అనే మాట కొబ్బరి రైతుల దగ్గర విన్నాను, లేసు అల్లే ఆడవాళ్ల దగ్గర విన్నాను, రొయ్యల చెరువుల గట్ల మీదా విన్నాను. ఎక్కడైనా పద్ధతి ఒకటే. డబ్బిచ్చినాయన వడ్డీ అడగడు. సరుకు తనకే వేయమంటాడు, ధర తనే చెప్తాడు. వడ్డీ ఆ ధరలోంచే పోతూ ఉంటుంది, విడిగా లెక్క రాయరు కాబట్టి మన కంటికి ఆనదు.

మీ సంగతే చూడండి. మంచి నెలలో 150 కిలోలు అమ్మితే కిలోకి 30 చొప్పున 4,500 రూపాయలు వదులుకుంటున్నారు. పాతిక వేల మీద నెలకు 4,500 అంటే నూటికి 18 రూపాయల వడ్డీ. వానల్లో 60 కిలోలే అమ్మినా 1,800 పోతుంది, అది కూడా నూటికి ఏడు రూపాయల పైమాటే. ఏడాదిలో మంచి నెలలు ఆరు, వాన నెలలు నాలుగు, వేట లేని నెలలు రెండు అనుకుందాం. మొత్తం 1,140 కిలోలు, 34,200 రూపాయలు. నాలుగేళ్లుగా ఏటా ఇంత పోతున్నా ఆ పాతిక వేలు తరగలేదు.

షావుకారు గారి వైపు నుంచి కూడా చూడాలి. ఇంటికొచ్చి సరుకు తీసుకెళ్తున్నారు. బండి కిరాయి, తరుగు, అమ్ముడుపోని రోజు నష్టం అన్నీ ఆయనవే. ఆ బరువు మీ మీద పడితే కిలోకి పది రూపాయలైనా ఖర్చవుతుంది. అందుకని మీకు కొత్తగా మిగిలేది కిలోకి 20 అని వేసుకోండి. అలా చూసినా ఏడాదికి 22,800. ఇంకో సంగతి మీరు రాయలేదు, నేను ఊహించి అంటున్నాను. బిడ్డకు జ్వరం వచ్చి అర్ధరాత్రి రాజోలు ఆస్పత్రికి పరుగెత్తాల్సి వస్తే రెండు వేలు చేతిలో పెట్టే మనిషి బహుశా ఆయనే అయ్యుంటారు. ఏ సంస్థా రాత్రి పన్నెండింటికి తలుపు తీయదు. కాబట్టి ఆయనతో తగువు పెట్టుకోవద్దు. పాతిక వేలు మొత్తం ఒకేసారి తీసుకెళ్లి, నాలుగేళ్లు ఆదుకున్నారని మనస్ఫూర్తిగా చెప్పి తీర్చేయండి. ప్రోనోటు ఉంటే దాని మీద చెల్లు రాయించుకుని వెనక్కి తీసుకోండి. నోటు లేదు, ఆయన పుస్తకంలోనే రాసుకున్నారంటే, ఆ పేజీలో పూర్తిగా ముట్టిందని తారీఖు వేసి సంతకం పెట్టించుకుని ఫోన్‌లో ఫోటో తీసుకోండి. ఆ తర్వాత కూడా కొంత సరుకు ఆయనకే వేయండి. కాకపోతే ఇక నుంచి ధర ఇద్దరూ కలిసి మాట్లాడుకునేదవుతుంది.

ఇప్పుడు చేతికొచ్చే 38,600 పంచి చూద్దాం. షావుకారు గారికి 25,000. రోజువారీ ఫైనాన్స్‌కు మిగిలిన 40 రోజుల బాకీ 4,000. పోను 9,600 మీ దగ్గర ఉంటుంది. ఇన్నాళ్లూ రోజువారీ ఫైనాన్స్ మీకు ఇస్తున్నది 9,000 కదా. ఆ పని ఇక ఈ 9,600 చేస్తుంది, చేప కొనుక్కోవడానికి మళ్లీ వాళ్ల దగ్గరికి వెళ్లక్కర్లేదు. ఆ ఫైనాన్స్ ఎంత ఖరీదో కూడా తెలుసుకోండి. తొమ్మిది వేలు తీసుకుని మర్నాటి నుంచే వంద చొప్పున కడుతుంటే ఆ డబ్బంతా మీ చేతిలో వంద రోజులూ ఉండదు. సగం రోజులు గడిచేసరికి సగం తిరిగి వెళ్లిపోయి ఉంటుంది. లెక్క కడితే అది నూటికి నెలకు ఆరు రూపాయల పైన పడుతుంది. సంస్థ ఇచ్చేది వడ్డీ, ఫీజు అన్నీ కలిపి ఎంత పడుతుందో కాస్త కింద చెప్తాను, అది ఇందులో సగం కూడా లేదు.

ఐస్ బాక్సు ఒక ఏడాది ఆగనివ్వండి. బల్లలు మాత్రం ఈ సీజన్‌కే వేసుకోవచ్చు, పెద్ద ఖర్చు అవసరం లేదు. సరుగుడు కర్రలు పాతి, నడుమెత్తున పాత వల బిగించి కట్టినా చాలు. ఇసుక అంటదు, కింద నుంచి కూడా గాలి తగిలి త్వరగా ఎండుతుంది. ఇసుక తగలని నెత్తళ్లకు సంతలో ధర వేరుగా పలుకుతుందని మీకు నేను చెప్పక్కర్లేదు.

పాత బాకీలు తీర్చడానికి అని చెప్తే సంస్థ వాళ్లు ఒప్పుకుంటారా అని సందేహం రావచ్చు. ఆదాయం వచ్చే పనికే వాడాలని షరతు పెట్టే సంస్థలు చాలా ఉన్నాయి. ఐస్ బాక్సు కొంటానని కాగితం మీద రాసి మరో పనికి వాడొద్దు. ఉన్నదున్నట్టు చెప్పండి: అడ్వాన్సు తీర్చేస్తే కిలోకి ఇరవై రూపాయలు ఎక్కువొస్తాయి, అది వ్యాపారం కోసమే కదా అని. చిన్న వ్యాపారం తెలిసిన వాళ్లయితే ఈ మాటకు తలూపుతారు.

మొదటి ఏడాది మీ చేతిలో ఏమీ మిగలదు, ఇది ముందే మనసులో పెట్టుకోండి. ఏడాదికి సంస్థకు కట్టేది 44,800. ధరలో కొత్తగా వచ్చేది 22,800. తేడా 22,000, అంటే నెలకు 1,830 చొప్పున ఇంటి సంపాదనలోంచి రావాలి. రోజుకు వంద కట్టడం ఆగిపోతుంది కాబట్టి నెలకు మూడు వేల భారం తగ్గుతుంది, అందులోంచి ఇది సర్దుబాటవుతుంది. ఏడాది తిరిగేసరికి షావుకారు బాకీ ఉండదు, ఫైనాన్స్ ఉండదు, సంస్థ బాకీ తీరిపోతుంది, చేప కొనడానికి తొమ్మిది వేల పైన సొంత డబ్బు ఉంటుంది. ఐస్ బాక్సు అప్పుడు కొనుక్కుందురుగాని, బహుశా అప్పు లేకుండానే.

ఇక సంస్థ చెప్పిన నూటికి రూపాయి మాట. వాళ్లు అబద్ధం చెప్పారని అనను గానీ, ఆ లెక్క మీకు పూర్తిగా విప్పి చెప్పలేదు. నెలనెలా అసలు కొంత తీరుస్తున్నా వడ్డీ మాత్రం ఏడాది పొడవునా నలభై వేల మీదే వేస్తున్నారు. దీన్ని ఫ్లాట్ వడ్డీ అంటారు. తీరిన అసలు తీసేసి, మిగిలిన బాకీ మీదే నూటికి రూపాయి వేస్తే ఏడాది మొత్తం వడ్డీ 2,650 దాటదు, నెల వాయిదా 3,554 అవుతుంది. వాళ్లు తీసుకునే వడ్డీ 4,800. దానికి ముందే పట్టుకున్న 1,400 కలిపితే 6,200. అన్నీ కలుపుకుని చూస్తే మీకు పడేది నూటికి రెండు రూపాయల నలభై పైసలకు దగ్గర, ఏడాదికి 28 శాతం పైన.

ఇది విని గుండెలు బాదుకోవద్దు. నలభై వేల అప్పు కోసం ఒక మనిషి ప్రతి నెలా బండి వేసుకుని మీ ఊరిదాకా రావాలి, కాగితాలు రాయాలి, ఆ సంస్థ కూడా చాలాసార్లు ఎక్కడో వడ్డీకి తెచ్చే మీకిస్తుంది. కోటి రూపాయల అప్పు ఒకటి చూసుకునే ఖర్చుతో పోలిస్తే నలభై వేల అప్పులు వంద చూసుకునే ఖర్చు చాలా ఎక్కువ. లాభాపేక్ష లేని సంస్థ అంటే మిగులు డబ్బును యజమానులు పంచుకోరని అర్థం. తక్కువ వడ్డీకి ఇస్తారని ఆ మాటకు అర్థం లేదు. అయినా నోటితో రూపాయి అని, కాగితం మీద రెండు రూపాయల నలభై పైసలు రాబట్టడం సేవ అని చెప్పుకునేవాళ్లకు తగదు. మీటింగులో ఈ మాట అడగండి: వడ్డీ, ఫీజు, బీమా అన్నీ కలిపి ఏడాదికి ఎంత శాతం పడుతుందో రాసివ్వండి అని. రాసిస్తే మంచి గుర్తు.

600 బీమా సంగతి కూడా అక్కడే తేల్చుకోండి. ఇలాంటి అప్పులకు కట్టించే బీమా సాధారణంగా అప్పు తీసుకున్న మనిషి చనిపోతే మిగిలిన బాకీ రద్దయ్యేలా ఉంటుంది. మీ ఇంట్లో సముద్రం మీదికి వెళ్లేది మీ ఆయన. బీమా ఆయనకు కూడా వర్తిస్తుందా అని అడగండి. వర్తించకపోతే భార్యాభర్తలిద్దరికీ కలిపి చేయమనండి. తుఫానుకు సరుకు కొట్టుకుపోతే ఈ బీమా పైసా ఇవ్వదు, అది గుర్తుంచుకోండి. 1996 నవంబరు 6 నాటి తుఫాను చూసిన అత్తగారికి అక్టోబరు, నవంబరు నెలలంటే భయం ఎందుకో మీకు తెలుసు. ఆ రెండు నెలల వాయిదాలకు సరిపడా సొమ్ము సెప్టెంబరు చివరికల్లా పక్కన పెట్టుకోగలిగితే మంచిది.

వడ్డీ కంటే నన్ను ఎక్కువ కలవరపెట్టింది మరొకటి. డిసెంబరులో అప్పు తీసుకుంటే జనవరి నుంచి వాయిదాలు మొదలవుతాయి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, సముద్రంలో వేట నిషేధం. బోట్లు ఒడ్డునే ఉంటాయి. మీ ఆయనకు పని ఉండదు, మీకు పచ్చి చేప ఉండదు. మే, జూన్ వాయిదాలు ఎక్కడి నుంచి కడతారు? ప్రభుత్వం ఇచ్చే వేట నిషేధ భృతి బియ్యానికీ పాలకీ పోతుంది, అది వాయిదాల కోసం ఇచ్చింది కాదు కూడా. మన తీరంలో మునిగిన చాలా అప్పులు ఈ రెండు నెలల్లోనే మునిగాయి. ఒక్క వాయిదా తప్పగానే దాన్ని కట్టడానికి మళ్లీ రోజువారీ ఫైనాన్స్ దగ్గరికి పరుగెత్తుతారు. అంతే, బయటపడిన గోతిలోనే మళ్లీ పడతారు.

అందుకే సంస్థ వాళ్లను మొట్టమొదట అడగాల్సింది ఇది: వేట నిషేధం ఉన్న రెండు నెలలూ వాయిదా ఆపి, చివర్లో రెండు నెలలు పొడిగిస్తారా? ఆపినందుకు అదనంగా ఎంత పడుతుంది? జీతాలొచ్చే ఉద్యోగికి పన్నెండు నెలలూ ఒకేలా ఉంటాయి. మత్స్యకార కుటుంబానికి ఉండవు. తీరంలో అప్పులిస్తామని వచ్చిన సంస్థకు ఈ 61 రోజుల సంగతి తెలియకపోతే ఊళ్లోకి వచ్చే ముందు ఎవరితోనూ మాట్లాడలేదన్నమాట. కుదరదని ఖరాఖండిగా అంటే, జూన్ చివర్లో తీసుకుని తొమ్మిది నెలల్లో, అంటే మార్చికల్లా తీరిపోయేలా తక్కువ మొత్తం, ఓ ముప్పై వేలు, ఇస్తారా అని అడగండి. వాయిదా కాస్త దగ్గరదగ్గర ఇంతే ఉంటుంది గానీ నిషేధం నాటికి మెడ మీద బాకీ ఉండదు. షావుకారు గారికి చెల్లించాక చేతిలో మిగిలేది తక్కువ కాబట్టి ఆ 40 రోజుల ఫైనాన్స్ బాకీ ఈలోపు మీరే కట్టేసుకుని ఉండాలి.

నిషేధం నెలల్ని తలచుకుని భయపడడమే కాకుండా వాటిని వాడుకునే దారి కూడా ఉంది. అడ్వాన్సు ఉన్నంత కాలం సరుకు ఎండిన రోజే షావుకారు గారికి వేయాలి, దాచే వీలు లేదు. ఆ బంధం తెగాక ఫిబ్రవరి, మార్చి సరుకులో కొంత ఆపుకోవచ్చు. మే నెలలో పచ్చి చేప కరువు, మామిడికాయలు వచ్చి ఉంటాయి. మామిడికాయ ఎండునెత్తళ్ల కూర వండని ఇల్లు మన వైపు ఎన్ని ఉంటాయి చెప్పండి. బాగా గలగలలాడేలా ఎండిన సరుకునే, గాలి చొరకుండా మందపాటి పాలిథిన్ సంచుల్లో కట్టి, నేల తేమ తగలకుండా చెక్క మీద పెట్టండి. మొదటి ఏడాది ముప్పై నలభై కిలోలకు మించి దాచొద్దు. ఎంత నిలుస్తుందో, ఎంత ధర వస్తుందో చూశాక పెంచుకోవచ్చు. జూన్‌లో తొలకరి పడకముందే మొత్తం అమ్మేయాలి.

వాయిదాల బరువు గురించి ఒక కొలత ఉంది. 2022లో రిజర్వు బ్యాంకు తెచ్చిన మైక్రోఫైనాన్స్, అంటే ఇలాంటి చిన్న అప్పుల, నిబంధనల ప్రకారం ఒక కుటుంబం కట్టే వాయిదాలన్నీ కలిపి నెల ఆదాయంలో సగం దాటకూడదు. మీ మంచి నెల ఆదాయం 17,000, సగం 8,500. డ్వాక్రా 1,500, సంస్థ 3,733, ఫైనాన్స్ రోజుకు వంద చొప్పున 3,000 కలిపితే 8,233. మంచి నెలలోనే గీత దగ్గర నిలబడ్డారు, వానల్లో దాటిపోతారు. ఫైనాన్స్ తీసేస్తే 5,233. ఇది మోయగలిగిన బరువు. అందుకే ఈ అప్పు తీసుకున్న రోజే ఫైనాన్స్ మూసేయాలి. రెండూ నడిపే ఆలోచన ఉంటే అప్పు తీసుకోవద్దనే చెప్తాను.

ఇప్పుడు వదిన గారి విషయం. మీ ఉత్తరంలో ఇది ఒక్క వాక్యమే రాశారు గానీ మీ నిద్ర చెడగొడుతున్నది ఇదేనేమో అనిపించింది. ఐదుగురి గ్రూపులో ఒకరు కట్టకపోతే మిగతా నలుగురూ తలా 933 వేసి కట్టాలి. రెండు చోట్ల బాకీ ఉన్న మనిషికి మూడోది ఇప్పించడం ఆమెకు సాయం చేయడం అవ్వదు. మా అమ్మ ఒకప్పుడు పక్కింటావిడకు హామీగా సంతకం పెట్టింది. ఆవిడ కట్టలేకపోతే ఏడాదిపాటు మా ఇంట్లో పాలు మానేసి ఆ బాకీ తీర్చాం. బాకీ తీరింది. పాతికేళ్ల స్నేహం మాత్రం పోయింది, చివరిదాకా ఇద్దరూ మాట్లాడుకోలేదు. డబ్బు పోయినందుకు కంటే దానికే అమ్మ ఎక్కువ బాధపడింది.

వదినను పక్కన పెట్టేశారన్న మాట రాకుండా ఉండాలంటే ముందు ఆమెతో ఒంటరిగా కూర్చుని ఆమె అప్పులు ఎంతున్నాయో, ఎక్కడున్నాయో లెక్క రాయండి. మీ లెక్క కూడా ఆమెకు చూపించండి. "వదినా, నువ్వు ముందు ఆ రెంటిలో ఒకటి తీర్చుకో, వచ్చే ఏడాది మన ఇద్దరం ఒకే గ్రూపులో ఉందాం" అని చెప్పండి. కోపం వస్తుంది. రానివ్వండి. ఇప్పుడొచ్చే కోపం సంక్రాంతి నాటికి చల్లారుతుంది, వాయిదాలు తప్పాక వచ్చే కోపం అలా చల్లారేది కాదు. గ్రూపులో మిగతా వాళ్లను కూడా చుట్టరికం చూసి ఎంచుకోవద్దు. డ్వాక్రాలో పొదుపు తప్పకుండా కట్టేవాళ్లెవరో మీ సంఘం పుస్తకమే చెప్తుంది. ఐదుగురూ ఎండుచేపల వాళ్లే కాకుండా ఉంటే ఇంకా మేలు. ఒక టైలరు, పాలు పోసే ఆవిడ, టిఫిన్ బండి నడిపే ఆవిడ ఉంటే వేట నిషేధం వచ్చినప్పుడు అందరికీ ఒకేసారి ఆదాయం ఆగిపోదు.

అత్తగారి భయాన్ని చాదస్తమని కొట్టిపారేయొద్దు. 2010 నాటికి మన రాష్ట్రంలో ఒకే ఆడమనిషికి మూడు నాలుగు కంపెనీలు పోటీలు పడి అప్పులిచ్చాయి. వారం వారం వసూళ్లు, కట్టకపోతే గ్రూపు వాళ్లనే ఇంటి మీదికి పంపడం, గుమ్మం ముందు కూర్చోవడం, ఆత్మహత్యలు. ఆ అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది, తర్వాత చట్టం చేసింది. మహిళా సంఘాలకు అప్పులిచ్చే సంస్థ జిల్లాలో రిజిస్టర్ కావాలని, తాకట్టు అడగకూడదని, మొత్తం వడ్డీ అసలును మించకూడదని, వసూళ్లు పంచాయతీ ఆఫీసు లాంటి బహిరంగ స్థలంలోనే జరగాలని ఆ చట్టం చెప్పింది. బ్యాంకు అప్పు ఉన్న సంఘంలోని సభ్యురాలికి అప్పు ఇవ్వాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలని కూడా అందులో ఉంది. మీకు డ్వాక్రా అప్పు ఉంది కాబట్టి ఇది మీకు సంబంధించిన మాటే. సంస్థ రిజిస్ట్రేషన్ కాగితం చూపించమనండి. మండలంలో మహిళా సంఘాల పని చూసే వెలుగు ఆఫీసులోనో, అమలాపురంలో జిల్లా గ్రామీణాభివృద్ధి సంస్థ (డీఆర్‌డీఏ) ఆఫీసులోనో ఆ పేరు చెప్పి కనుక్కోండి.

ఇంకొకటి, డబ్బు ఎవరిదో అడగండి. చాలాచోట్ల సేవా సంస్థ ఊళ్లో పని చూస్తుంది, అప్పు మాత్రం ఏదో బ్యాంకు పేరునో ఫైనాన్స్ కంపెనీ పేరునో ఉంటుంది. అలాగైతే రిజర్వు బ్యాంకు నిబంధనలన్నీ మీకు వర్తిస్తాయి: ముందే తీర్చేస్తే జరిమానా ఉండకూడదు, ఆలస్య రుసుము బాకీ పడ్డ మొత్తం మీదే వేయాలి, వసూలుకు ఉదయం 9కి ముందు, సాయంత్రం 6 తర్వాత రాకూడదు. సొసైటీగానో ట్రస్టుగానో ఉన్న సంస్థ సొంత డబ్బు ఇస్తుంటే ఆ నిబంధనలు నేరుగా వర్తించవు. అప్పుడు ఇవే మాటలు ఒప్పంద కాగితంలో తెలుగులో రాయించుకోవాలి. ఎవరైనా సరే ఖాళీ చెక్కు, ఏటీఎం కార్డు, బంగారం అడిగితే లేచి వచ్చేయండి. పొదుపు పేరుతో నెలనెలా డబ్బు తమ దగ్గర దాచమన్నా ఒప్పుకోవద్దు. మీ పొదుపు డ్వాక్రాలోనో బ్యాంకులోనో పోస్టాఫీసులోనో ఉండనివ్వండి.

వీళ్లకు మాట ఇచ్చే ముందు ఒక్క వారం ఆగి మీ గ్రామ సంఘంలో స్త్రీనిధి అప్పు, అంటే మహిళా సంఘాల సభ్యులకిచ్చే అప్పు, ఎంత వస్తుందో అడగండి. వడ్డీ దీనికంటే చాలా తక్కువ. ఇరవై వేలే వచ్చినా, సంస్థ దగ్గర తీసుకునేది సగానికి తగ్గించుకోవచ్చు. చిన్న వ్యాపారాలకు అప్పులిచ్చే ముద్రా పథకంలో ‘శిశు’ అనే తరగతి కింద 50,000 దాకా తాకట్టు లేకుండా బ్యాంకులు ఇవ్వాలి. మేనేజరు తిప్పుకుంటారని మీరు అనుకోవచ్చు. తిప్పుకునేవాళ్లున్నారు, నేను అదే కౌంటరు వెనక కూర్చుని చూశాను. రెండు నెలల అమ్మకాలు తారీఖులతో సహా ఒక నోటుపుస్తకంలో రాసి తీసుకెళ్తే మాట తీరు మారడం కూడా చూశాను. ఈ రోజు నుంచే రాయడం మొదలుపెట్టండి. ఎన్ని కిలోలు కొన్నారు, ఎండితే ఎంతైంది, ఎంతకు అమ్మారు, అంతే చాలు. సంస్థ వాళ్లతో వేట నిషేధం గురించి మాట్లాడేటప్పుడు కూడా ఆ పుస్తకమే మీకు బలం.

అత్తగారిని ఎలా ఒప్పించాలని విడిగా ఆలోచించకండి. వచ్చే మీటింగుకు ఆవిడను వెంట తీసుకెళ్లండి. 2010లో ఏం జరిగిందో కళ్లారా చూసిన మనిషి. వసూలుకు ఎవరొస్తారు, ఎక్కడ కూర్చుంటారు, ఒక నెల తప్పితే ఏం చేస్తారు, ఇవన్నీ మీ కంటే ఆవిడే బాగా అడుగుతారు. ఆవిడ ముందు వాళ్లు ఏం సమాధానం చెప్పారో, మే, జూన్ వాయిదాల గురించి ఏమన్నారో నాకు రాయండి.